ఖాళీ సీసా ఎవరికివ్వాలి?

(శాఖా గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం విశ్రాంత రైల్వే యార్డు ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగం, అక్షర రూపంలో)

అందరికీ నమస్కారం. పోయిన వారం ఇదే బల్ల దగ్గర నిలబడి ఒక పెద్దాయన శతక పద్యాల గురించి చక్కగా మాట్లాడారు. ఈ వారం నేను ఫోనులో ఆడే రంగునీళ్ల ఆట గురించి మాట్లాడతానన్నాను. కార్యదర్శి గారు కళ్లద్దాలు సర్దుకుని, "దానిలో గంటసేపు మాట్లాడేంత విషయం ఉందంటారా?" అని అడిగారు. ఉందండీ. చాలకపోతే మధ్యలో లేచి వెళ్లండి, ఏమీ అనుకోను. (నవ్వులు)

ఆట తెలియని వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నట్టున్నారు, ముందు వాళ్ల కోసం. తెర మీద వరసగా గాజు సీసాలుంటాయి. ఒక్కో సీసాలో నాలుగు కొలతల నీళ్లు పడతాయి. రంగులు కలగాపులగంగా ఉంటాయి: అడుగున ఎరుపు, దాని మీద నీలం, మళ్లీ ఎరుపు, పైన పసుపు, అలాగ. సాధారణంగా చివర రెండు ఖాళీ సీసాలిస్తారు. పైన ఉన్న రంగును వంచి ఇంకో సీసాలో పోయవచ్చు. అయితే ఆ సీసాలో పైన అదే రంగు ఉండాలి, లేదా అది ఖాళీగా ఉండాలి. పైపొరలో ఆ రంగు ఎంత ఉంటే అంతా ఒకేసారి వెళ్తుంది, అవతల చోటున్నంత వరకు. ఏ సీసాకు ఆ సీసా ఒకే రంగుతో నిండితే గెలిచినట్టు. ఇదే ఆట బంతులతో ఉంది, నట్లు బోల్టులతో ఉంది, కొమ్మల మీద పిట్టలతో కూడా ఉంది. వేషాలు వేరు, లోపలి మనిషి ఒకడే.

నాకు ఇది అంటుకున్నది ఫిజియోథెరపీ కేంద్రం బయట. మా ఆవిడ మోకాలికి నలభై రోజులు వ్యాయామం రాశారు. ఆమె లోపల, నేను బయట బల్ల మీద. మనవరాలు ఫోనులో ఈ ఆట వేసి ఇచ్చింది. మొదటి యాభై లెవెళ్లూ అరటిపండు వలిచినట్టు వచ్చాయి. ఆ తర్వాత ఒక లెవెల్ దగ్గర మూడు రోజులు కూర్చున్నాను. మూడో రోజు నాకొకటి తట్టింది. నేను చూస్తున్నది సీసాలు కావు, రైల్వే యార్డులో ఒకవైపు మూసుకుపోయి ఉండే డెడ్ ఎండ్ లైన్లు. ఈ పని నేను జీతానికి చేశాను!

నేను 1978లో ఉద్యోగంలో చేరాను. అప్పట్లో గూడ్సు బండి అంటే సంతకు వెళ్లే బస్సులాంటిది. ఒక వ్యాగనులో సిమెంటు, దాని వెనక ఉప్పు, ఆ వెనక బెల్లం. ఒకటి మద్రాసుకు, ఒకటి నాగపూరుకు, ఒకటి దారిలో ఏదో చిన్న స్టేషనుకు. ఇంజను వాటిని యార్డులో వదిలేసి వెళ్లేది. వాటిని విడదీసి, ఏ ఊరి వ్యాగన్లను ఆ ఊరి వరసలో కూర్చి, కొత్త బండి కట్టాలి. 1980ల నుంచి బండి మొత్తానికి ఒకే సరుకు, ఒకే గమ్యం అనే పద్ధతి బలపడింది. దానితో ఇలా బండ్లను విడదీసి కట్టే మార్షలింగ్ యార్డులు పలచబడ్డాయి. నేను నేర్చిన విద్య నా కళ్ల ముందే పనికిరాకుండా పోయింది. నలభై ఏళ్ల తర్వాత ఫిజియోథెరపీ బల్ల మీద మళ్లీ పనికొచ్చింది.

ఒకవైపు మూసుకుపోయిన లైనును ఊహించండి. దానిలోకి వ్యాగన్లను ఒక్కొక్కటిగా నెడతాం, అదే ముఖం నుంచి బయటికి లాగుతాం. ముందు వెళ్లింది చివర వస్తుంది. సీసా కూడా అంతే. ఇప్పుడు 1, 2, 3 అని మూడు వ్యాగన్లు ఆ వరసలో వస్తున్నాయి. మూడింటిని ఆరు వరసల్లో పేర్చవచ్చు. ఆ ఒక్క లైను వాడుకుని ఎన్ని వరసలు తీయగలం? అయిదే. 3, 1, 2 అనే వరస మాత్రం రాదు. ఎందుకంటే 3 ముందు బయటికి రావాలంటే 1, 2 అప్పటికే లోపల ఉండాలి. లోపల 2 ముఖం దగ్గర ఉంటుంది, 1 దాని వెనక చిక్కుకుంటుంది. 2 కదలకుండా 1 రాదు. ఆ వచ్చే క్రమాన్ని బ్రహ్మదేవుడు దిగినా మార్చలేడు. నాలుగు వ్యాగన్లయితే 24 వరసల్లో 14 మాత్రమే సాధ్యం. ఈ లెక్క నా సొంతం కాదు. డొనాల్డ్ క్నూత్ అనే అమెరికా ఆచార్యుడు 1968లో అచ్చయిన తన కంప్యూటర్ గ్రంథంలో ఈ సంగతిని రైలు పట్టాల బొమ్మ వేసి మరీ వివరించాడు. మా షంటింగ్ జమాదారు అదేమీ చదవలేదు కాని, "వెనకది అడగకు బాబూ, ముందుదాని దారి చూడు" అంటూ రోజూ తిట్టేవాడు.

సరే, అసలు విషయంలోకి వస్తాను. ఈ నల్లబల్ల మీద నాలుగు సీసాలు గీశాను. మూడే రంగులు, ఒకటే ఖాళీ సీసా. చిన్న లెక్క, కాని కొరివి. అడుగు నుంచి పైకి చదువుతాను, మీరూ కాగితం మీద వేసుకోండి.

ఒకటో సీసా: పసుపు, ఎరుపు, పసుపు, నీలం. రెండోది: పసుపు, నీలం, పసుపు, నీలం. మూడోది: అడుగున నీలం, దాని మీద మూడు కొలతలూ ఎరుపే. నాలుగోది ఖాళీ.

మొదట ఏం చేస్తారు? వెనక బల్ల మీది అబ్బాయి చెప్పు.

(సభలోంచి: రెండు నీలాలు పైనే ఉన్నాయి కదండీ, రెండూ ఖాళీ సీసాలో పోసేస్తాను.)

అందరి చెయ్యీ అటే పోతుంది, నాదీ అటే పోయింది. పోద్దాం. నాలుగో సీసాలో రెండు నీలాలు చేరాయి. ఒకటీ రెండూ సీసాల పైన ఇప్పుడు పసుపు తేలింది. రెండు పసుపులు ఎదురెదురుగా కనబడితే కలపకుండా ఉండలేం కదా. ఒకటో సీసా పసుపును రెండో దానిలో పోశాననుకోండి. ఒకటో సీసాలో ఎరుపు బయటపడింది. మూడో సీసాలో మూడు ఎరుపులున్నాయి, వాటిని ఇక్కడికి పోస్తే రెండే పడతాయి. ఒక ఎరుపు అక్కడే నీలం నెత్తిన కూర్చుంది. అంతే, ఆట అయిపోయింది. ఎరుపును ఇటూ అటూ పోసుకోవడం తప్ప ఇంకో పోత లేదు.

వెనక్కి వెళ్దాం. పసుపును ఇటు కాకుండా అటు పోద్దాం: రెండో సీసా నుంచి ఒకటో దానిలోకి. రెండో సీసాలో ఇప్పుడు నీలం తేలింది. నాలుగో సీసాలో ఇప్పటికే రెండు నీలాలున్నాయి. ఈ మూడోదాన్నీ దానిలో వేసేస్తాం కదా? వేశాం. ముచ్చటగా మూడు నీలాలు ఒకే సీసాలో. రెండో సీసాలో ఒంటరి పసుపు మిగిలింది, దాని మీదికి ఒకటో సీసాలోని రెండు పసుపులూ వస్తాయి. మళ్లీ ఒకటో సీసాలో ఎరుపు. మళ్లీ రెండే పడతాయి. మళ్లీ అదే గోడ.

ఇక్కడ ఆగి చూడాలి. ఈ ఆట చిట్కాలు చెప్పేవాళ్లంతా అనే మాట ఒకటుంది: ఒకే రంగు ఉన్న సీసాలోకి ఆ రంగును కళ్లు మూసుకుని పోయవచ్చు, నష్టం ఉండదు అని. నేనూ చాలాకాలం నమ్మాను. ఇప్పుడు మనం మునిగింది అక్కడే. సీసా పూర్తిగా నిండిపోయే నాలుగో కొలతయితే ఆలోచించనక్కరలేదు, పోసేయండి. కాని రెండున్న చోటికి ఒకటి చేర్చి మూడు చేయడం వేరు. ఆ మూడో నీలాన్ని పోయకముందు, ఆ క్షణంలో ఎదురు పోత ఉంది. నాలుగో సీసాలోని రెండు నీలాలను వెనక్కి, రెండో సీసాలోని నీలం మీదికి పోయండి. చూడటానికి చేసిన పనిని చెడగొట్టుకున్నట్టు ఉంటుంది. రెండో సీసా ఇప్పుడు పసుపు మీద మూడు నీలాలతో నిండిపోయింది. కాని నాలుగో సీసా ఖాళీ అయింది! మూడు ఎరుపులూ అక్కడికి వెళ్తాయి. మూడో సీసాలో అడుగు నీలం తేలుతుంది, మూడు నీలాలూ దాని మీదికి వస్తాయి. మిగతాది మీరే పోసుకోగలరు. మొత్తం తొమ్మిది పోతలు.

నష్టపోయినట్టు కనబడే పోత చేయడానికి మన చెయ్యి రాదు. అందుకే చాలామంది కష్టమైన లెవెళ్ల దగ్గర ఆగిపోతారని నా అనుమానం. తెలివి తక్కువై కాదు, పిసినారితనం వల్ల. (నవ్వులు)

అసలు మొదటి నుంచీ సరిగ్గా చూసి ఉంటే ఇంత అవస్థ లేదు. పైన చూడటం మానేసి అడుగు చూడండి. అడుగున ఏమున్నాయి? పసుపు, పసుపు, నీలం. అడుగున ఉన్న రంగుకు ఆ సీసా సొంత ఇల్లు అనుకోండి. పసుపుకు రెండిళ్లున్నాయి. నీలానికి ఒక ఇల్లుంది. ఎరుపుకు ఇల్లే లేదు, నాలుగు కొలతలూ పరాయి పంచన ఉన్నాయి. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఒక్క ఖాళీ సీసా ఎవరికివ్వాలి? సొంత ఇల్లున్న నీలానికి ఇంకో ఇల్లు ఇచ్చాం మనం. అదే చేసిన తప్పు.

ఇల్లు లేని ఎరుపుకే ఇద్దాం. మూడు ఎరుపులూ ఒక్క పోతలో నాలుగో సీసాకు. మూడో సీసాలో నీలం తన ఇంట్లో తాను మిగిలింది. ఒకటో సీసా నీలం, రెండో సీసా నీలం దానిలోకి. ఒకటో సీసా పసుపు రెండో దానిలోకి. ఒకటో సీసాలో ఎరుపు తేలింది, దాని ఇల్లు సిద్ధంగా ఉంది, వెళ్లిపోయింది. ఒకటో సీసాలో ఒంటరి పసుపు, దాని మీదికి రెండో సీసా నుంచి రెండు పసుపులు. కింద నీలం, అది మూడో సీసాకు. చివరి పసుపు ఒకటో సీసాకు. ఎనిమిది పోతలు.

ఎనిమిది కంటే తక్కువలో అవుతుందా? కాదు. ఆ మాట గట్టిగా చెప్పడానికి ఒక లెక్క ఉంది. పక్కపక్కన ఉన్న ఒకే రంగును ఒక పొరగా లెక్కపెట్టండి. ఒకటో సీసాలో నాలుగు పొరలు, రెండో దానిలో నాలుగు, మూడో దానిలో రెండు. మొత్తం పది. ఆట ముగిసేసరికి రంగుకొకటి చొప్పున మూడు పొరలే ఉండాలి. ఒక పోత మహా అయితే ఒక పొరను తగ్గిస్తుంది. కాబట్టి కనీసం ఏడు. ఇల్లు లేని రంగు ఎప్పుడో ఒకసారి ఖాళీ సీసాలో కాలు పెట్టాలి, ఆ పోత ఏ పొరనూ తగ్గించదు. ఇల్లు లేని రంగు ఒకటి, కాబట్టి ఇంకొకటి కలపండి. ఎనిమిది. పోతలకు పరిమితి పెట్టే లెవెళ్లలో ఈ లెక్క బాగా ఉపయోగపడుతుంది. పది పొరలు, మూడు రంగులు, ఇల్లు లేని రంగు ఒకటి, పరిమితి పది పోతలు అన్నారనుకోండి, వృథా చేయగల పోతలు రెండే మిగిలాయని ముందే తెలుస్తుంది.

పెద్ద లెవెళ్లలో కూడా పద్ధతి ఇదే. పన్నెండు రంగులు, పద్నాలుగు సీసాలు. ముందు చెయ్యి వెనక్కి పెట్టుకుని పన్నెండు అడుగులూ చదవండి. వాటిలో ఎనిమిది రకాల రంగులే ఉన్నాయనుకుందాం. నాలుగు రంగులకు ఇల్లు లేదు. మరి పన్నెండు అడుగులుండీ ఎనిమిదే రకాలంటే, కొన్ని రంగులకు అదనపు ఇళ్లున్నట్టే. ఆ అదనం కూడా సరిగ్గా నాలుగే. ఈ లెక్క ఏ లెవెల్లోనూ తప్పదు. మీ చేతిలో ఖాళీలు రెండు, కావలసిన ఇళ్లు నాలుగు. అంటే అదనపు ఇళ్లలో కనీసం రెంటిని ముందుగా ఖాళీ చేయించాలి. దేన్ని ముందు ఖాళీ చేయించాలన్నదే ఆ లెవెల్ అంతా.

దానికి నేను వాడే కొలబద్ద: పైపొర తీస్తే కింద తేలేదానికి చోటుందా? ఇందాక రెండు పసుపులు కలిపినప్పుడు ఏమైందో గుర్తు చేసుకోండి. ఒకటో సీసా పసుపు తీస్తే ఎరుపు తేలింది, దానికి అప్పటికి ఎక్కడా చోటు లేదు. రెండో సీసా పసుపు తీస్తే నీలం తేలింది, దానికి చోటుంది. రెండు వైపులా పోసింది పసుపే, అటు పోసినా ఇటు పోసినా పొరలు సమానంగా తగ్గాయి. తేడా అంతా తేలినదానిలో ఉంది. కలపడం కంటే ఎటు నుంచి ఎటు కలుపుతున్నాం అనేది ముఖ్యం. యార్డులో కూడా వ్యాగను లాగే ముందు దాని వెనక ఏముందో చూసేవాళ్లం. వెనకదానికి లైను లేకపోతే ముందుదాన్ని ముట్టుకునేవాళ్లం కాదు.

ఖాళీ సీసా ఇవ్వడంలో రెండు రకాలున్నాయి: దానం, అప్పు. ఇల్లు లేని రంగుకు ఇస్తే దానం, తిరిగి రాదు, రానక్కరలేదు. ఇల్లున్న రంగును కాసేపు దింపుకోవడానికి ఇస్తే అప్పు. అప్పు ఇచ్చే ముందు ఎవరైనా అడిగేది ఒకటే కదా, ఎప్పుడు ఇస్తావు? ఈ రంగు ఈ సీసాలోంచి ఎన్ని పోతల్లో లేస్తుంది, ఎక్కడికి లేస్తుంది, మనసులో చూపించగలిగితేనే పోయండి. చూపించలేకపోతే అది అప్పు కాదు, చేబదులు పేరుతో ఇచ్చి మరిచిపోయిన డబ్బు. రెండు ఖాళీలూ ఒకేసారి అప్పుకు ఇచ్చారంటే నడిరోడ్డు మీద నిలబడ్డట్టే. మన వామనగుంటలు ఆడినవాళ్లకు ఈ సంగతి కొంత తెలుసు. రెండు వరసల పద్నాలుగు గుంటల్లో ఎప్పుడూ గింజలున్న గుంటల మీదే కళ్లుంటాయి. తీరా ఆట తిరిగేది ఖాళీ గుంట దగ్గర, దాని పక్క గుంటలోని గింజలు దక్కేది అక్కడే.

ప్రశ్నార్థకం గుర్తులుండే లెవెళ్లు వేరే జాతి. పైపొర తప్ప కింద రంగులు కనబడవు, తీస్తేనే తెలుస్తాయి. అక్కడ అడుగులు చదవలేం. కాబట్టి మొదటి ఆటను గెలవడానికి ఆడకండి, చదవడానికి ఆడండి. తవ్వండి, తేలినదాన్ని కాగితం మీద రాసుకోండి, చిక్కుకుపోతే మొదటి నుంచి మొదలుపెట్టండి. రెండోసారి మొదలుపెట్టినప్పుడు రంగులు మారవు, మీకు సగం పటం చేతిలో ఉంటుంది. ఇది మోసం కాదా అని మా మనవరాలు అడిగింది. వ్యాగను తలుపు మీద చీటీ చదవడం మోసమైతే ఇదీ మోసమే.

అన్‌డూ బటను గురించి ఒక మాట. చిక్కుకుపోగానే ఒక్క అడుగు వెనక్కి వేసి, అక్కడే గింజుకుంటారు చాలామంది. తప్పు ఎప్పుడూ అంత దగ్గరలో ఉండదు. చివరి ఖాళీ సీసా ఏ పోతలో ఖర్చయిందో అక్కడికి వెళ్లండి. నా అనుభవంలో పదింట ఎనిమిదిసార్లు తప్పు అక్కడే దొరికింది. ఆ పోతలో ఇంకో రంగుకు ఇచ్చి చూడండి.

ప్రకటన చూస్తే ఇంకో ఖాళీ సీసా ఇస్తామంటుంది ఆట. ముప్పై సెకన్లు ఎవరో సబ్బు అమ్ముతారు, మనకు సీసా దొరుకుతుంది. తీసుకోవడంలో తప్పు లేదు, నేను మాత్రం తీసుకోను, అది నా మొండితనం. రంగులెన్నో అన్ని ఖాళీ సీసాలిస్తే ఇక ఆటే లేదు. రంగుకొక సీసా కేటాయించి, పైన ఏది కనబడితే దాన్ని దాని సీసాలో పోసుకుంటూ పోవడమే, బుర్ర అక్కరలేదు. ఆట అంతా ఆ ఖాళీల కరువులోనే ఉంది.

మా మనవరాలు కంప్యూటర్లు చదువుతోంది. తాతయ్య ఆడే ఆట మీద పరిశోధన పత్రం ఉందని చెప్పి నవ్వింది. నిజంగానే ఉంది. 2022లో జపాను పరిశోధకులు ఈ నీళ్ల ఆటనూ బంతుల ఆటనూ పక్కపక్కన పెట్టి చూశారు. బంతుల ఆటలో ఒక్కో బంతినే కదుపుతాం, నీళ్ల ఆటలో పొర మొత్తం ఒకేసారి పోతుంది, కావాలన్నా సగం ఆపలేం. బంతులకు స్వేచ్ఛ ఎక్కువ కదా? అయినా బంతులతో గెలవగలిగిన ప్రతి అమరికనూ నీళ్లతోనూ గెలవవచ్చునని వాళ్లు రుజువు చేశారు. నాకు అది భలే నచ్చింది. రెండో ఫలితం ఇంకా గట్టిది. ఇచ్చిన అమరిక అసలు గెలవగలిగేదేనా అని తేల్చే ప్రశ్న ఎన్‌పీ-కంప్లీట్ అనే జాతికి చెందుతుందట. ఆ జాతి ప్రశ్నలను స్టీఫెన్ కుక్ 1971లో మొదట గుర్తించాడు. నాకు అర్థమైనంతలో సంగతి ఇది: జవాబు ఎవరైనా రాసి చూపిస్తే సరిచూడటం తేలిక, పోతలు వరసగా పోసి చూస్తే సరి. కాని జవాబు వెతకడానికి ఎంత పెద్ద అమరికకైనా త్వరగా పనిచేసే దారి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. అలాంటి దారి లేదనీ ఎవరూ రుజువు చేయలేదు. తేల్చినవాళ్లకు అమెరికాలోని క్లే గణిత సంస్థ పది లక్షల డాలర్ల బహుమతి 2000లోనే ప్రకటించి ఉంచింది. పన్నెండు రంగుల లెవెల్‌ను ఎన్ని విధాలుగా నింపవచ్చో లెక్క వేయిస్తే 45 అంకెల సంఖ్య వచ్చింది. ఆ రోజు నుంచి ఒక లెవెల్ దగ్గర రెండు రోజులు ఆగిపోయినా నాకు సిగ్గు వేయడం లేదు.

ఇక నేను చెప్పింది చాలు. అడగవలసినవి ఉంటే అడగండి.

(ఒక శ్రోత: మీరు చెప్పిన అడుగుల పద్ధతితో అన్ని లెవెళ్లూ వచ్చేస్తాయా?)

రావండీ. అలా వచ్చేస్తే ఆ పది లక్షల డాలర్లు నేనే తెచ్చుకునేవాడిని. (నవ్వులు) మొదటి మూడు నాలుగు పోతల్లో బుద్ధి తక్కువ పని చేయకుండా కాపాడుతుంది. తర్వాత మధ్యలో ఒక ముడి ఉంటుంది, దాన్ని వెతుక్కోవలసిందే.

(ఒక శ్రోత: మా వారు రాత్రి పదకొండు దాకా ఇదే ఆట అండీ. ఏం చేయమంటారు?)

అమ్మా, మా ఆవిడ ముందు వరసలోనే ఉంది. ఆ ప్రశ్నకు జవాబు ఆమె చెబుతుంది. (నవ్వులు)

ఆ చివర చెయ్యెత్తిన బాబు. నీ లెవెల్ దగ్గర ఆగిపోయావా? ఫోను అక్కడే ఉంచుకో, పైవి చెప్పకు, అడుగులు మాత్రం వరసగా చదువు.

(బాలుడు: ఎరుపు, నారింజ, నీలం, ఎరుపు, ఆకుపచ్చ, గులాబీ, నారింజ, బూడిద, నీలం.)

తొమ్మిది సీసాలు. ఎరుపు, నారింజ, నీలం రెండేసి సార్లు వచ్చాయి. మరి ఏ రంగులు రాలేదు?

(బాలుడు: పసుపు, ఊదా, తెలుపు.)

ఆ మూడింటికి ఇల్లు లేదు. ఖాళీలు రెండేనా? సరే. రెండేసి ఇళ్లున్న రంగుల సీసాల్లో ఏదైనా తవ్వడానికి తేలిగ్గా ఉందేమో చూడు.

(బాలుడు: ఏడో సీసాలో అడుగున నారింజ, దాని మీద రెండు పసుపు, పైన ఊదా.)

అదృష్టవంతుడివి. ఊదాకూ ఇల్లు లేదు, పసుపుకూ లేదు. ఊదా ఒకదానిలో, పసుపు రెండోదానిలో పొయ్యి.

(బాలుడు: ఖాళీలు రెండూ అయిపోయాయి కదా తాతగారూ?)

అయిపోయాయి, రెండూ దానమే. ఇప్పుడు ఏడో సీసాలో ఒంటరి నారింజ ఉంది. ఇంకెక్కడైనా పైన నారింజ కనబడుతోందా?

(బాలుడు: మూడో సీసా పైన ఉంది. కాని అది నిండుగా ఉంది, దీన్ని అక్కడికి పోయలేను.)

అక్కడిదాన్నే ఇక్కడికి తెచ్చుకో. తీస్తే కింద ఏం తేలుతుంది?

(బాలుడు: ఊదా. ఊదా సీసా ఉందిగా! దాని కింద... తాతగారూ, ఇంకో నారింజ ఉంది.)

ఇక నన్ను అడుగుతావేమిటి, పొయ్యి.